సూర్యలంకలో విప్పని చొక్కా: మచ్చల వైద్యం వెనకున్న చరిత్ర

ఈ ఎపిసోడ్ సూర్యలంక బీచ్ నుంచి. గాలి బాగా ఉంది, మైక్‌లో హోరు వస్తే సర్దుకోండి.

మాది బాపట్ల. ఇక్కడికి 9 కిలోమీటర్లు. కార్తీక పౌర్ణమికి చీకటితోనే జనం ఈ ఒడ్డుకి స్నానాలకి వచ్చేస్తారు. మగవాళ్లు చొక్కాలు విప్పి నీళ్లలోకి దిగుతారు. నేను మాత్రం ఇంటర్ రోజుల నుంచీ టీషర్ట్‌తోనే దిగేవాణ్ణి. కారణం గైనకోమాస్టియా, అంటే మగపిల్లల్లో రొమ్ములు పెరగడం. చాలామందికి ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పుకోరు. 24 ఏళ్లప్పుడు ఆపరేషన్ చేయించుకున్నాను. ఛాతీ సాఫీ అయింది. కానీ ఆ కార్తీకానికీ చొక్కా విప్పలేదు. ఈసారి కారణం, ఆపరేషన్ మచ్చ.

ఒక ఆస్పత్రిలో, పేరు అనవసరం, "మచ్చే కనపడదు" అని చెప్పారు. మూడో నెలకి నాకు ఎర్రగా, ఉబ్బుగా రెండు గీతలు కనపడ్డాయి. ఆన్‌లైన్‌లో క్రీములు కొన్నాను, నిమ్మరసం కూడా రుద్దాను. మండింది తప్ప తగ్గలేదు. అప్పుడు కూర్చుని అసలు ఈ మచ్చల కథేంటో చదవడం మొదలుపెట్టాను.

కథ మన దేశంలోనే మొదలవుతుంది. చెంప చర్మంతో ముక్కు కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. తర్వాత కాలంలో నుదుటి చర్మంతో కట్టేవాళ్లు. 1792 యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్‌జీ అనే మనిషి టిప్పు సుల్తాన్ సైన్యానికి దొరికిపోయాడు. ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. అప్పటికి మన గుంటూరు సర్కారు కంపెనీ చేతికొచ్చి నాలుగేళ్లే. దాదాపు ఏడాది తర్వాత పూణె దగ్గర, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు కవాస్‌జీకి కొత్త ముక్కు కట్టాడు. మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి, ఆ మేరకు చర్మం లేపి, కళ్ల మధ్య కొంచెం అతుకు ఉంచి కిందికి తిప్పాడు. 1794 అక్టోబర్‌లో లండన్ జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో ఈ సంగతి బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ ఇరవై ఏళ్ల తర్వాత, 1814లో, లండన్‌లో అదే ఆపరేషన్ చేశాడు.

ఆ బొమ్మ దొరికితే జూమ్ చేసి చూడండి. ముక్కు కాదు, నుదురు చూడండి. చర్మం తీసిన చోట పెద్ద మచ్చ ఉంటుంది. బొమ్మ గీసినాయన దాన్ని దాచలేదు. ముఖం మధ్యలో ఉన్న లోటు నుదుటి మీదికి మచ్చగా వెళ్లింది. నాకు అర్థమైంది ఇదే. సర్జన్ మచ్చని మాయం చెయ్యడు, జరుపుతాడు. చరిత్ర అంతా ఆ జరిపే తెలివి పెరగడమే.

1861లో వియన్నాలో కార్ల్ లాంగర్ అనే ఆయన శవాల చర్మానికి గుండ్రటి మొనతో రంధ్రాలు పొడిచాడు. రంధ్రాలు గుండ్రంగా ఉండలేదు, సాగి కోలగా అయ్యాయి. అంటే చర్మానికి బట్టలో పోగుల్లాగా ఒక వాలు ఉంది. ఆ వాలు వెంట కోస్తే మచ్చ సన్నగా మానుతుంది, అడ్డంగా కోస్తే లాగుడుకి వెడల్పవుతుంది. ఈ రోజుకీ సర్జన్లు కోతకి ముందు ఇలాంటి గీతల్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఇక నా ఆపరేషన్. దీన్ని 7వ శతాబ్దంలోనే పౌల్ అనే గ్రీకు వైద్యుడు రాశాడు. రొమ్ము కింద నెలవంకలా కోసి, కొవ్వు తీసి, కుట్టెయ్యమన్నాడు. 1946లో జెరోమ్ వెబ్‌స్టర్ అనే అమెరికన్ సర్జన్ ఆ కోతని చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచుకి తెచ్చాడు. రంగు మారే చోటే గీత పడితే కన్ను తొందరగా పట్టుకోదు. నా గీతలున్నదీ అక్కడే. నేను తిట్టుకున్న మచ్చని, చరిత్ర అప్పటికే చాలా దూరం జరిపి పెట్టింది.

మరి మిగిలిన మచ్చకి మందేంటి? ముందు రెండు రకాలు తెలుసుకోండి. కోసిన గీతలోనే ఉబ్బేది ఒకటి. అది నెలలు గడిచేకొద్దీ చాలావరకు తగ్గుతుంది. గీత దాటి పక్క చర్మంలోకి పాకేది కీలాయిడ్. చెవులు కుట్టించాక కొందరికి తమ్మె దగ్గర కాయలా పెరుగుతుంది చూడండి, అదే. 19వ శతాబ్దం మొదట్లో అలిబేర్ అనే ఫ్రెంచ్ డాక్టర్ ఆ పేరు పెట్టాడు, పీత కాళ్లలా పాకుతుందని. ఇక్కడి ఇసుకలో పీతల్ని చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కీలాయిడ్‌ని ఊరికే కోసేస్తే మళ్లీ, ఒక్కోసారి ఇంకా పెద్దగా వస్తుంది.

1960ల నుంచి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాడుతున్నారు. మచ్చలోకే ఇస్తారు, కొన్ని వారాలకోసారి. గట్టిదనం, దురద తగ్గుతాయి. ఎక్కువైతే చర్మం పల్చబడి తెల్లబడొచ్చు. 1982లో ఆస్ట్రేలియా డాక్టర్లు కాలిన మచ్చల మీద సిలికోన్ జెల్ షీట్ పెట్టి చూసి, ఫలితం రాశారు. అది చర్మంలో తేమ పోకుండా కాపాడుతుంది. కుట్లు తీసి గాయం పూర్తిగా మూసుకున్నాకే పెట్టాలి, రోజుకి 12 గంటలు తక్కువ కాకుండా, కనీసం రెండు మూడు నెలలు. 1983లో, చుట్టూ చర్మాన్ని కాల్చకుండా అనుకున్నదాన్నే వేడి చేసే లేజర్ సూత్రం వచ్చింది. ఎర్రటి మచ్చల్లోని రక్తనాళాల మీద వాడే లేజర్ అలా వచ్చిందే. మనలాంటి ఛాయ ఉన్నవాళ్లకి లేజర్‌తో నల్లమరకలు పడే అవకాశం ఎక్కువ, అందుకని చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి. ఎండ తగలకుండా చూసుకోవడం అన్నిటికన్నా చవక.

ఇవన్నీ తగ్గించేవే, తుడిచేసేవి కావు. మచ్చ ముదరడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మూడో నెల మచ్చని చూసి ఏడవకండి, నాలాగా. ఆపరేషన్‌కి ముందే డాక్టర్ని అడగండి: కోత ఎక్కడ? ఎంత పొడవు? మా ఇంట్లో కీలాయిడ్ ఉంది, నాకు రిస్క్ ఎంత? "మచ్చే ఉండదు" అని జవాబొస్తే ఇంకో డాక్టర్ని కూడా అడగండి.

నేను ఏడు నెలలు సిలికోన్ షీట్ వాడాను. గీతలు చదునయ్యాయి, రంగు కలిసింది, పోలేదు. మొన్న కార్తీక పౌర్ణమికి ఇక్కడే చొక్కా విప్పాను. మా బాబాయి చూసి "ఏంట్రా ఆ గీతలు?" అన్నాడు. "ఆపరేషన్ బాబాయ్" అన్నాను. "సరేలే, లోపలికి పోకు, అల లాగుతోంది" అన్నాడు.

అంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.