రాయచూరులో కలిసిన కరెంటు

నా చదువంతా తమిళ మీడియం, తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన వారం మన సభ్యుల పిల్లాడొకడు కొత్త కంప్యూటర్ బిగిస్తూ నన్ను పిలిచాడు. రెండు గ్రాఫిక్స్ కార్డులు, ఒక్కోటి 350 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ పెద్దదే, 1200 వాట్లు. కానీ ఒకే వైరుకు స్ప్లిటర్లు తగిలించి రెండు కార్డుల నాలుగు ప్లగ్గులకూ అదే ఇచ్చేశాడు. "వాట్లు చాలా ఉన్నాయి కదా తాతయ్యా" అన్నాడు. ఉన్నాయి, ఏ దారిన వస్తాయన్నదే ప్రశ్న. గుమాస్తాని కదా, కాగితం తీశాను. ఒక్కో కార్డుకు బోర్డు స్లాటు ఇచ్చేది 75 వాట్లు. మిగిలిన 275, రెండు కార్డులకు 550, ఆ ఒక్క వైరు మీదే. 12 వోల్టుల దగ్గర దాదాపు 46 ఆంపియర్లు. ఎనిమిది పిన్నుల ప్లగ్గులో 12 వోల్టులు తెచ్చే తీగలు మూడే, తీగకు 15 ఆంపియర్లు. ఆ ప్లగ్గుకు పెట్టిన హద్దు 150 వాట్లు, అంటే తీగకు నాలుగు చిల్లర.

వాడికి 2012 సంగతి చెప్పాను. జూలై 30న, మళ్ళీ 31న బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను భారం మోయలేక ట్రిప్ అయింది. ఆ భారం పక్క లైన్ల మీద పడి అవీ వరసగా పోయాయి. రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో పడ్డారు. మన దక్షిణానికి ఏమీ కాలేదు. అప్పట్లో ఉత్తరంతో మన సంబంధం డీసీ లింకులతోనే, అటు కుదుపు ఇటు రాదు.

మరి ఎందుకు కలిపారు? దక్షిణంలో కరెంటు కొరత, అటునుంచి తెచ్చే దారులు చాలవు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చింది. నా బోటి రైల్వేవాడికి ఇందులో ఒక ముచ్చట ఉంది. 1871లో బొంబాయి నుంచి షోలాపూర్ మీదుగా వచ్చిన జీఐపీ పట్టాలు, మద్రాసు రైల్వే పట్టాలు కలిసిందీ మన ఊళ్ళోనే. పట్టాలకు గేజి సరిపోతే చాలు. కరెంటుకు రెండు వైపులా ఒకే లయ ఉండాలి, పైగా ఏసీ లైన్లో ఇంతే వెళ్ళమని చెప్పినా వినదు, దారి సులువున్న వైపే పోతుంది. అందుకే మొదట్లో కొంచెంగానే పంపారు. 2014లో రెండో లైను తోడయింది.

పిల్లాడు స్ప్లిటర్లు పీకేశాడు. నాలుగు ప్లగ్గులకు నాలుగు వైర్లు, ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరువేరుగా. ఆ వైర్ల మోపుకు పెట్టె పక్క తలుపు పట్టడం లేదని గొణుక్కుంటూ, ప్రస్తుతానికి తలుపు తీసే నడుపుతున్నాడు.