చెన్నపురి సరస్వతీ నిలయములు

అక్షరము అనగా క్షరము కానిది, నశింపనిది అని అర్థము. కాని ఆ అక్షరమును మోయు ఆకు నశించును. తాటాకుపై ఘంటముతో గీసి, దీపపు మసి పూసి, తైలము పట్టించి, చెక్కపలకల నడుమ త్రాడుతో కట్టి ఎంత భద్రముగా దాచినను, దక్షిణదేశపు వేడికిని తేమకును, చెదలకును పురుగునకును అది కొన్ని తరములకు మించి నిలువదు. వేదమును గురుముఖమున కంఠస్థము చేసి కాపాడుకొన్న మన సంప్రదాయము, శాస్త్ర పురాణ కావ్యములలో మహాభాగమును ఈ ఆకునకే అప్పగించెను. ఆకు శిథిలమగుటకు ముందే మరియొక చేయి దానికి ప్రతి వ్రాయవలెను. ఆ చేతుల వరుస ఒక్క తరమున తెగినచో, ఎంతటి మహనీయుని గ్రంథమైనను లోకమునకు లేనట్లే యగును.

ఆ వరుస తెగబోవుచున్న కాలమున దానిని నిలిపిన నగరములలో చెన్నపట్టణము ముఖ్యమైనది. తెలుగువారు ఆ నగరమునకు వైద్యమునకై పోవుదురు, ఉద్యోగమునకై పోవుదురు, పెండ్లి పట్టుబట్టలకై పోవుదురు. భక్తులైనవారు మైలాపురమున కపాలీశ్వరుని, తిరువల్లిక్కేణిలో పార్థసారథిని సేవించి మరలుదురు. అదే నగరమున వాగ్దేవతకు నిలయములైన స్థానములు కొన్ని కలవు. వాటి చరిత్రము తెలిసికొని దర్శించినవానికి, తాను నిత్యము పారాయణము చేయు పుస్తకము తన చేతికి ఏ త్రోవను వచ్చెనో బోధపడును.

ఆ త్రోవలో మొదట కనబడువారు ఏలూరి నియోగి సోదరులు ముగ్గురు. కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనువారు 18వ శతాబ్ది చివరి కాలమున కర్నల్ కాలిన్ మెకంజీ అను స్కాట్లండు దేశీయుని కొలువున చేరిరి. 1783లో మద్రాసునకు వచ్చిన మెకంజీ వృత్తిచేత భూమిని కొలుచు సర్వేయరు. తరువాత 1815లో భారతదేశమునకు ప్రథమ సర్వేయర్ జనరల్ అయ్యెను. ఆయనకు దేశభాషలలో ప్రవేశము స్వల్పము. కావున గ్రామగ్రామమునకు పోయి కరణములను, అర్చకులను, వృద్ధులను అడిగి స్థలపురాణములను, వంశావళులను, దేవాలయ శాసనములను, కైఫీయతులను సేకరించినవారు ఈ సోదరులును, వారివంటి ఇతర పండితులును. 1803లో బొర్రయ్య చిన్నవయస్సుననే గతించెను. లక్ష్మయ్య ఆ కార్యభారమును తలకెత్తుకొనెను. 1821లో మెకంజీ మరణించిన పిదప ఆ సంచయమును ఈస్టిండియా కంపెనీ లక్ష రూపాయలకు కొనెను. దానిలో కొంత లండనునకు పోయినను, దక్షిణదేశ భాషల వ్రాతప్రతులలో పెద్దభాగము మద్రాసునకు చేరెను. నేడు ఒక గ్రామదేవాలయమునకు పూర్వము మాన్యము ఎవరిచ్చిరి, ఉత్సవము ఎట్లు జరిగెడిది అని విచారించువారు ఆ కైఫీయతులనే ఆశ్రయించుచున్నారు.

రెండవవాడు తెలుగువారికి చిరపరిచితుడైన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1817లో మద్రాసునకు వచ్చి తెలుగు నేర్చి, 1820లో కడపకు ఉద్యోగిగా పోయిన ఆయన, తన బంగళాలో పండితులను, లేఖకులను నియమించి, స్వంతధనముతో జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు దొరకిన ప్రతులన్నిటిని తెప్పించి పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ కార్యమునకై అప్పులపాలైనను విడువలేదు. సెలవుపై ఇంగ్లండునకు పోయినపుడు, జాన్ లైడెన్ అను పండితుడు సేకరించిన దక్షిణదేశపు వ్రాతప్రతులు లండనులో కంపెనీ గ్రంథాలయమున చదువువారు లేక పడియుండుట చూచి, వాటిని మద్రాసునకు మరల్చుటకు కృషి చేసెను. తన సంచయమును సైతము మద్రాసు సాహిత్యసంఘమునకు ఒప్పగించెను. చదువగల జనులున్న చోటనే గ్రంథముండవలెనని ఆయన చేత నిరూపించెను.

మెకంజీ, లైడెన్, బ్రౌను సంచయములు మూడును కలిసి 1869లో స్థాపితమైన ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు పునాదియైనవి. ఆ గ్రంథాలయము దీర్ఘకాలము చేపాకమున విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనమున వెలసియుండెను. సంస్కృతము, తమిళము, తెలుగు మొదలగు భాషలలో డెబ్బది వేలకు పైబడిన వ్రాతప్రతులు అందు కలవు. వాటిలో సంస్కృత గ్రంథములు తెలుగు, గ్రంథ, నాగర, మలయాళ లిపులలో నుండుటచే, ఒకే శాస్త్రము ఎన్ని దేశముల చేతులమీదుగా నడచినదో ఆకును చూచినంతనే తెలియును.

ఈ గ్రంథాలయము తరఫున ఊరూర తిరిగి ప్రతులు వెదకినవారిలో మానవల్లి రామకృష్ణకవి అగ్రగణ్యుడు. భరతముని నాట్యశాస్త్రమునకు అభినవగుప్తాచార్యులు రచించిన అభినవభారతి అను వ్యాఖ్య కలదని పండితలోకమునకు తెలియును గాని, గ్రంథము కనబడకుండెను. కాశ్మీరమున పుట్టిన ఆ వ్యాఖ్య దేశమునకు మరియొక కొనయైన కేరళమున తాళపత్రములపై నిలిచియుండగా రామకృష్ణకవి దానిని వెలికి తెచ్చి, బరోడా గైక్వాడు గ్రంథమాలలో 1926 నుండి సంపుటములుగా ప్రకటించెను. ఆకులు లోపభూయిష్ఠములు, అక్షరములు తారుమారైనవి, కొన్ని చోట్ల అర్థమే పొసగదు. అయినను ఆ ఒక్కని పట్టుదల లేకున్నచో, రసతత్త్వమును గూర్చి నేడు మనము చెప్పుకొను మాటలలో అనేకములకు మూలము దొరకియుండెడిది కాదు. నన్నెచోడుని కుమారసంభవమును వెలికితీసి 1909లో తెలుగువారికి అందించినవాడును ఆయనయే. అదే గ్రంథాలయమున పెక్కేండ్లు ప్రతులతో కాలము గడపిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, ఆ విద్యాబలముతోనే తరువాత తిరుపతిలో తాళ్లపాక వాఙ్మయ పరిష్కారమున ప్రవర్తిల్లిరి. శ్రీనివాసుని సన్నిధిని రాగిరేకులలో నిదురించిన సంకీర్తనములు లోకమున వినబడుటకు, చెన్నపురి పఠనశాలలో ఒక పండితుడు ధూళి దులుపుచు గడపిన దినములును ఒక కారణమే.

నగరమునకు దక్షిణమున, అడయారు నది సముద్రమును చేరు చోట, ప్రసిద్ధమైన వటవృక్షమున్న దివ్యజ్ఞాన సమాజపు తోటలో మరియొక నిలయము కలదు. కర్నల్ ఆల్కాట్ 1886లో స్థాపించిన అడయారు గ్రంథాలయమది. ప్రారంభోత్సవమున హిందూ, బౌద్ధ, పారసీక, ఇస్లాము మతముల ప్రతినిధులు తమ తమ విధుల ననుసరించి ఆశీర్వదించిరి. ఇచ్చటి కృషి ఉపాసకులకు మిక్కిలి సన్నిహితమైనది. కాంచీపురమున నివసించిన ఉపనిషద్బ్రహ్మయోగి నూటయెనిమిది ఉపనిషత్తులకును వ్యాఖ్య రచించిన మహనీయుడు. ఆ వ్యాఖ్యతో కూడిన యోగ, సామాన్యవేదాంత, శైవ, వైష్ణవ, శాక్త, సంన్యాస ఉపనిషత్తులను 1920 మొదలు ముద్రించి లోకమునకు అందించినది ఈ గ్రంథాలయమే. సుదర్శన మహిమను విస్తరించి చెప్పు పాంచరాత్రాగమమైన అహిర్బుధ్న్యసంహిత 1916లో వెలువడినదియు ఇచ్చటినుండియే. ఆ కార్యమును నడపిన ఒట్టో ష్రాడర్ జర్మను దేశీయుడగుటచే యుద్ధకాలమున ప్రభుత్వముచే నిర్బంధింపబడెను. గ్రంథము మాత్రము ఆగలేదు.

ఇంతవరకు చెప్పినది నిలిచినవాటి కథ. నిలువనివాటి కథయు చెప్పవలెను. తమిళ ప్రాచీన కావ్యములను ఉద్ధరించిన ఉ. వే. స్వామినాథయ్యరుగారు జీవకచింతామణిని 1887లో ప్రకటించిన పిదప, ఇతర గ్రంథములకై గ్రామములు తిరుగుచు కరివలంవందనల్లూరు ఆలయమునకు పోయిరి. అచ్చట పెద్ద రాశిగా నుండిన తాళపత్రములు శిథిలమగుటచే, అట్టివాటిని నేతిలో తడిపి హోమాగ్నిలో వేయవలెనని ఆగమము చెప్పుచున్నదని, ఆ విధముగనే చేసితిమని ఆలయమువారు తెలిపిరట. ఆయన దుఃఖముతో ఆ సంగతిని వ్రాసికొనిరి.

ఈ వృత్తాంతము దేవాలయములతో సంబంధమున్న ప్రతివారును ఆలోచింపవలసినది. ఆ ఆలయమువారు ద్వేషముచేత గాని దుర్బుద్ధిచేత గాని అట్లు చేయలేదు, గౌరవముచేతనే చేసిరి. శిథిలమైన అక్షరమూర్తిని త్రోవలో పారవేయక అగ్నికి సమర్పించుట ఉచితమే. అయితే జీర్ణమైన బింబమును తొలగించువాడు ముందుగా దేవతాశక్తిని కుంభమున ఆవాహనము చేయును. నూతన బింబమున ప్రతిష్ఠించును. అంతేగాని దేవతయే లేకుండ చేయడు. అట్లే ప్రతి వ్రాసిన పిదపనే పాత ఆకునకు ఆహుతి. ప్రతి వ్రాయుట నిలిచిపోయెను; ఆహుతి మాత్రము నిలువలేదు. ఆచారములో ఒక సగము మరచి రెండవ సగమును పాటించుటవలన ఎంతటి హాని కలుగునో ఇంతకంటె నిదర్శనము వలదు. స్వామినాథయ్యరుగారు 1942లో పరమపదించిరి. మరుసటి యేట వారి పేర వెలసిన గ్రంథాలయము నేడు బెసెంటు నగరమున, వారు అగ్నినుండియు చెదలనుండియు దక్కించిన ఆకులను కాపాడుచున్నది.

ప్రతి వ్రాయు చేతికి బదులు ముద్రణయంత్రము వచ్చిన పిదప చెన్నపురి మరియొక సేవ చేసెను. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు ముద్రణాలయము స్థాపించి, సంస్కృత గ్రంథములను తెలుగు లిపిలో, తెలుగు తాత్పర్యములతో అచ్చువేసిరి. కుమారులు వేంకటేశ్వర శాస్త్రులుగారు ఆ కార్యమును విస్తరింపజేసిరి. తెలుగునాట అనేక గృహములలో పూజామందిరము ప్రక్కన నుండిన రామాయణము, భారతము, స్తోత్రసంపుటము వావిళ్లవారివే. నాగరలిపి రాని గృహస్థునకు సైతము శాస్త్రము అందినది ఆ అక్షరములవలననే.

పుస్తకములు విక్రయించు స్థానములకును ఆ నగరమున దీర్ఘచరిత్ర కలదు. మౌంటు రోడ్డులోని హిగ్గిన్‌బాథమ్స్ 1844లో మొదలై నేటికిని నడచుచున్నది. సెంట్రల్ రైల్వేస్టేషను ప్రక్కన 1900 ప్రాంతమున వెలసిన మూరు మార్కెట్టులో పాత పుస్తకముల అంగళ్లు బారులు తీరియుండెడివి. బీద విద్యార్థియు, మహాపండితుడును ఒకే రాశిముందు వంగి వెదకెడివారు. 1985లో ఆ మార్కెట్టు అగ్నికి ఆహుతియై, ఆ స్థలమున సబర్బను రైళ్ల ప్రాంగణము వెలసెను.

ఎగ్మూరు మ్యూజియము ఆవరణలో 1896లో ప్రారంభమైన కన్నెమరా గ్రంథాలయము కట్టడముచేతను సుందరమైనది. హెన్రీ ఇర్విన్ రూపొందించిన పాత భవనమున ఎత్తైన కప్పు, రంగుల గాజుపలకల గుండ దిగు వెలుగు, చెక్కిన టేకు బీరువాలు చూచువారికి సహజముగనే మౌనము కలుగును. 1954 నాటి చట్టము ననుసరించి దేశమున అచ్చగు ప్రతి పుస్తకమునకు ఒక ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయములలో ఇది యొకటి. అదే ఆవరణలో, మెకంజీ తొలుత వెలుగులోనికి తెచ్చిన అమరావతీ స్తూపశిల్పములును ఉన్నవి.

అయితే సౌందర్యమును చూచి మరలుట చాలునా? మానవుడు దేవఋణము, పితృఋణము, ఋషిఋణము అను మూడింటితో జన్మించునని శ్రుతి చెప్పుచున్నది. యజ్ఞముచే మొదటిది, సంతానముచే రెండవది తీరును. మూడవది అధ్యయనముచేతనే తీరును. గ్రంథమును కాపాడుట రాజు చేయగలడు, ప్రభుత్వము చేయగలదు, విదేశీయుడు సైతము చేసి చూపెను. చదువుట మాత్రము ఋణగ్రస్తుడు స్వయముగా చేయవలసినదే. అర్చన లేని ఆలయమున దేవుడు లేడని ఎవరును అనరు గాని, అచ్చట దీపము వెలుగదు. చదువరి లేని గ్రంథాలయమును అట్టిదే. నేడు గ్రంథలిపి, నందినాగరి చదువగలవారు వేళ్ళమీద లెక్కింపదగినవారు. ఆకు చెదలనుండి తప్పించుకొని, చల్లని గదిలో భద్రముగా నుండియు, చదువువాడు లేక మూగయగుట రెండవ నాశనము.

కావున చెన్నపురికి పోవు జిజ్ఞాసువు ముందుగా ఒక్క గ్రంథమును మనస్సున నిశ్చయించుకొనవలెను. తన ఇంటిపేరిటి పూర్వుడు రచించినది కావచ్చును, తన గ్రామదేవాలయపు స్థలపురాణము కావచ్చును, తాను నిత్యము చదువు స్తోత్రమునకు వ్యాఖ్య కావచ్చును. అది ఎచ్చట నున్నదో వెదకుటకు మద్రాసు విశ్వవిద్యాలయము మహత్తరమైన సాధనము నిర్మించియున్నది. 1935లో కుప్పుస్వామి శాస్త్రిగారి ఆధ్వర్యమున సంకల్పించి, 1949లో మొదటి సంపుటము వెలువరించి, వి. రాఘవన్ గారు దీర్ఘకాలము నడపిన సంస్కృత గ్రంథ మహాసూచిక అది. ఏ గ్రంథము యొక్క ప్రతులు లోకమున ఏ ఏ భాండాగారములలో నున్నవో అందు చూడవచ్చును. మైలాపురమున సంస్కృత కళాశాల ఆవరణలోని కుప్పుస్వామి శాస్త్రి పరిశోధన సంస్థయు సంస్కృత జిజ్ఞాసువులకు ఆశ్రయమే.

అనుమతి పొంది, చేతులు శుభ్రపరచుకొని, ఆ ఒక్క గ్రంథమును తెప్పించుకొని ఒక్క పుటయైనను చదివి, వీలైనచో ప్రతి వ్రాసికొని మరలినవాడు తీర్థయాత్రాఫలమును పొందినట్లే. చేతుల వరుసలో ఆ దినమున అతని చేయియు కలిసినది. ఇంట పిల్లలలో ఒక్కరికైనను ఆ పుటను వినిపించినచో వరుస ముందునకు సాగును.

స్వస్తి.