కెమెరా లేకుండా మనదాకా వచ్చిన సూక్ష్మబోధన

బీఎడ్ చదివినవాళ్లెవరిని అడిగినా సూక్ష్మబోధన లెక్క ఒప్పజెబుతారు. పాఠం 6 నిమిషాలు, పరిశీలకుల మాట 6, మళ్లీ సిద్ధం కావడానికి 12, మళ్లీ పాఠం 6, మళ్లీ పరిశీలన 6. మొత్తం 36 నిమిషాలు.

ఈ లెక్క మన దేశంలో కుదుర్చుకున్నది. పద్ధతి మాత్రం 1960ల తొలినాళ్లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఛాత్రోపాధ్యాయుణ్ణి ఒక్కసారిగా నిండు తరగతిలో నిలబెడితే ప్రశ్నలు వేయడం, నల్లబల్ల మీద రాయడం, అల్లరి ఆపడం అన్నీ కలిసి మీద పడతాయి. అందుకే డ్వైట్ ఆలెన్ బృందం నలుగురైదుగురు పిల్లలు, కొద్ది నిమిషాలు, ఒక్క నైపుణ్యం చాలనుకుంది. అప్పుడప్పుడే అందుబాటులోకి వస్తున్న వీడియో టేపు రికార్డరు మీద కీత్ ఏచిసన్ అనే పరిశోధకుడు పనిచేశాడు. చెప్పిన పాఠాన్ని చెప్పినవాడే వెంటనే చూసుకోగలగడం, నా దృష్టిలో, ఈ పద్ధతికి ప్రాణం. ‘అంతా నువ్వే మాట్లాడావు’ అని పర్యవేక్షకుడంటే నొచ్చుకునే మనిషి తెర మీద చూశాక కాదనలేడు.

1967లో అలహాబాదులో డి.డి. తివారీ, 1970ల్లో బరోడాలో బి.కె. పాసీ వంటివారు దీన్ని మన శిక్షణలోకి తెచ్చారు. మన కళాశాలలకు రికార్డర్లు కొనే స్తోమత ఏది? తోటి ఛాత్రోపాధ్యాయులే పిల్లలుగా కూర్చున్నారు, వాళ్లే పరిశీలన పత్రాలు నింపారు. తెలివైన ఏర్పాటే. అయితే తోటివాడు మొహమాటపడతాడు, కెమెరాకు ఆ బాధ లేదు.

2014 నాటి ఉపాధ్యాయ విద్యా నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది, బడిలో గడిపే కాలం 20 వారాలకు పెరిగింది. 2017లో ఉపాధ్యాయుల కోసం దీక్ష డిజిటల్ వేదిక, ఆ తర్వాత పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు, 2023 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెరలు వచ్చాయి. ఇప్పుడు తుని పరిసరాల్లో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేవారి చేతిలో ఫోన్, అంటే ఆనాడు లేని కెమెరా, ఉంది. అది రికార్డులో అతికించే ఫొటోలకూ, పిల్లలకు వీడియోలు చూపడానికీ మాత్రమే పరిమితమైతే ఎంత నష్టం!

హెడ్మాస్టరు అనుమతితో, పిల్లల మొహాలు పడకుండా, ఫోన్‌ను వెనక బెంచీ నుంచి మీవైపే తిప్పి పెట్టండి. ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగారో చూసుకోండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతుల టేపులు విని, ఉపాధ్యాయులు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించింది. 3 సెకన్లు ఆగినచోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. మర్నాటి పాఠ్యపథకంలో ఆ ఒక్కటే రాసుకుని మళ్లీ చెప్పండి, మళ్లీ చూసుకోండి. మార్కులు వేసేవారికి ఆ వీడియో చూపనక్కర్లేదు.