మెట్ట రైతుకు నీటి హక్కు: ముసునూరు ప్రాంతం నేపథ్యంలో నీటి చట్టాల పరిశీలన

నూజివీడు మామిడి ప్రాంతంలోని ముసునూరు మండలం ప్రధానంగా మెట్ట నేల. బంగినపల్లి, చిన్నరసం, కలెక్టరు తోటలకు తోడు మొక్కజొన్న, ఆయిల్‌పామ్ ఇక్కడి పంటలు. పక్కనే పారే తమ్మిలేరు వానలుంటేనే నిండే ఏరు. చెరువుల కింద సాగయ్యే కొద్ది భూమి పోగా మిగిలినదానికి బోరే దిక్కు. ప్రాజెక్టులకు నిధులు కూర్చే చట్టాలు, నీటిపై హక్కును నిర్ణయించే చట్టాలు ఇలాంటి రైతుకు ఏ స్థానం ఇచ్చాయన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. ఈ రెండు రకాల చట్టాలకు పొంతన లేకపోవడమే మెట్టకు జరిగిన అన్యాయానికి మూలమని ఇక్కడి ప్రతిపాదన.

హక్కుల నేపథ్యం

నూజివీడు ఒకప్పుడు జమీందారీ. 1802 నాటి శాశ్వత శిస్తు విధానంలో జమీందార్లకు భూమితో పాటు నీటి వనరులపైనా కొన్ని హక్కులు దక్కాయి. ప్రభుత్వ వనరుల నీటిపై పన్ను వేసే అధికారాన్ని 1865 నాటి మద్రాసు నీటి తీరువా చట్టం సర్కారుకు ఇచ్చింది. ఈ రెండింటి మధ్య ఘర్షణ వంశధార నీటి విషయంలో ఉర్లాం జమీందారు వేసిన దావాగా ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. శాశ్వత శిస్తు ఒప్పందంలో ఇమిడి ఉన్న నీటి హక్కుపై అదనపు తీరువా చెల్లదని 1917లో తీర్పు వచ్చింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ చెరువులు ప్రభుత్వపరమయ్యాయి.

భూగర్భ జలం మాత్రం వేరే దారిలో నడిచింది. నిర్దిష్టమైన పాయగా పారని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూయజమానికి ఉందని 1882 ఈజ్‌మెంట్ల చట్టం గుర్తించింది. ఆ హక్కుకు భూమే ఆధారం. భూమి లేని కౌలు రైతుకు అది నేరుగా దక్కదు. పక్కవాడు మరింత లోతుకు బోరు దించితే తన బోరు ఎండిపోయిన రైతుకు కూడా అందులో గట్టి రక్షణ లేదు.

1997: ఒకే ఏడాది రెండు చట్టాలు

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 17వ అంశం సాగునీటిని రాష్ట్రాలకు అప్పగించింది. ఆ అధికారంతో 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండు ముఖ్యమైన చట్టాలు చేసింది. రైతుల ద్వారా సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం కింద పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. జలవనరుల అభివృద్ధి సంస్థ చట్టం ప్రాజెక్టుల కోసం అప్పులు తెచ్చే సంస్థను నెలకొల్పింది. అదే సంస్కరణల్లో భాగంగా నీటి తీరువా కూడా పెరిగింది. ప్రధాన కాలువల కింద తొలి వరి పంటకు ఎకరాకు 60 రూపాయలున్నది 200 అయింది.

నీటి సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారికే. చెరువు కింద అరెకరం ఉన్న రైతుకు ఓటుంటుంది. బోరు కింద పదెకరాల తోట పెంచే రైతుకు ఉండదు. సొంత డబ్బుతో బోరు వేయించి, మోటారు బిగించి, పైపులు పరచిన రైతు నీటికి పెట్టుబడి పెట్టినవాడే. అయినా చట్టం దృష్టిలో అతడు నీటి వినియోగదారు కాడు.

అతణ్ణి పట్టించుకున్నది 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా). బావుల నమోదు, బోరుకు ముందస్తు అనుమతి, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు తవ్వకంపై నియంత్రణ, జలాలు అతిగా తోడేసిన ప్రాంతాల్లో నిషేధం అందులో ఉన్నాయి. ఇవన్నీ అవసరమైన కట్టడులే. కానీ నిషేధం విధించిన ఊరికి బదులుగా ఎంత నీరు, ఏ నిధులతో, ఎప్పటికి ఇస్తారన్న బాధ్యతను ఆ చట్టం ఎవరి మీదా పెట్టలేదు.

నిధులు, ఆయకట్టు

సాగర్ ఎడమ కాలువ మూడో జోన్ చివరి భూములు, వాటిని ఆనుకున్న మెట్ట కోసం ఉద్దేశించినది చింతలపూడి ఎత్తిపోతల పథకం. గోదావరి నీటిని ఎత్తిపోసే ఈ పథకానికి 2008లో 1,701 కోట్ల రూపాయలతో అనుమతి లభించింది. తొలి లక్ష్యం 2 లక్షల ఎకరాలు. తర్వాత సాగర్ ఆయకట్టు స్థిరీకరణను కలిపి లక్ష్యాన్ని 4.80 లక్షల ఎకరాలకు, 2016లో వ్యయాన్ని 4,909 కోట్లకు పెంచారు. భూసేకరణ వివాదాలు, నిధుల కొరత పనులను వెనక్కి లాగాయి. పర్యావరణ అనుమతుల ఉల్లంఘనపై 2021 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ నష్టపరిహారం విధించింది.

పోలవరం పరిస్థితి వేరు. 2014 పునర్విభజన చట్టం 90వ సెక్షన్ దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. అందువల్ల నిధుల బాధ్యతకు చట్టమే ఆధారమైంది. చింతలపూడికి అలాంటి పూచీ లేదు. ఏటా బడ్జెట్టు, ఎప్పటికప్పుడు తెచ్చే అప్పు దాని గతిని నిర్ణయిస్తాయి. 80 టీఎంసీల గోదావరి జలాన్ని కృష్ణా డెల్టాకు చేర్చడానికి పట్టిసీమ ఎత్తిపోతలను కట్టారు. ఆ నీరు పోలవరం కుడి కాలువ గుండా ఈ మెట్ట ప్రాంతాల మీదుగానే డెల్టాకు పోతుంది. డెల్టా ఆయకట్టుకు స్థిరమైన గుర్తింపు ఉంది. దారిలోని మెట్టకు అది లేదు.

పూర్వ అనుభవాలు

మార్గం చూపే అనుభవం మన దగ్గరే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల పథకం నడిచింది. రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచి, ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసుకుని, రబీ పంటను ఎంచుకున్నారు. అయితే ఆ రైతు బృందాలకు నీటి సంఘాలకున్న చట్టబద్ధత లేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా 2014లో భూగర్భ జలాల నిర్వహణ చట్టం తెచ్చింది. అదే ఏడాది నవంబరులో ప్రజలు ఓటు వేసి సుమారు 750 కోట్ల డాలర్ల నీటి బాండ్లను ఆమోదించారు. ఆ బాండ్ల నిధుల్లో కొంత భాగాన్ని భూగర్భ జలాల పరిరక్షణకే కేటాయించారు. నీరు తోడడంపై అదుపు, దానికి తగ్గ పెట్టుబడి కలిసి రావాలన్నది అందులోని పాఠం.

నిర్ధారణలు

ఈ పరిశీలన మూడు సవరణలను సూచిస్తుంది. మొదటిది, 1997 నాటి నీటి సంఘాల చట్టంలో బోర్ల కింది రైతులకు, కౌలుదార్లతో సహా, సభ్యత్వం, ఓటు కల్పించాలి. రెండోది, ఏ ఎత్తిపోతల పథకానికి పరిపాలనా అనుమతి ఇచ్చినా ఊరి వారీగా ఎన్ని ఎకరాలకు, ఏ గడువులోగా నీరిస్తారో ఆ ఉత్తర్వులోనే ప్రకటించాలి. వ్యయం పెంచినప్పుడల్లా ఆ లెక్కను శాసనసభ ముందుంచాలి. మూడోది, వాల్టా కింద బోర్లను నిషేధించిన గ్రామాలకు చెరువుల పునరుద్ధరణ, బిందు సేద్యం నిధుల్లో చట్టబద్ధమైన ప్రాధాన్యం ఇవ్వాలి.

ప్రాజెక్టుల అప్పును మెట్ట రైతు కూడా పన్నుల రూపంలో తీరుస్తున్నాడు. కనుక ఆ అప్పుతో వచ్చే నీటిలో అతని వాటాను ప్రభుత్వాల దయకు వదలకుండా చట్టంలో రాయాలి. శాసనకర్తలు ముందుగా చేయవలసిన పని ఇదే.