నాసి లెమాక్‌లో మన వాటా

క్రిందటి డిసెంబరులో నరసాపురం నుంచి మా బాబాయిగారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సెంతోసా, జూ, ఎత్తైన మేడలూ చూపిద్దామని నేను సెలవు పెట్టుకున్నాను. ఆయన మాత్రం, "అవన్నీ ఎక్కడికీ పోవు గానీ, ముందు ఈ ఊళ్ళో జనం ఏం తింటారో చూపించరా. ఊరి సంగతి తెలియాలంటే వంటింట్లోంచి మొదలుపెట్టాలి" అన్నారు. ఆ రోజు పొద్దుటినుంచి రాత్రి దాకా మేము తిరిగిన తిరుగుడూ, తిన్న తిండీ, తరువాత పుస్తకాలు చూసి నేను తెలుసుకున్న సంగతులూ మన సభ్యులతో పంచుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉదయం ఫలహారం సెరంగూన్ రోడ్డులోని కోమల విలాస్‌లో. 1947లో మొదలైన హోటలు అది. ఇడ్లీ, వడ, సాంబారు తిని, ఫిల్టరు కాఫీ తాగి, "మైలాపూరులో కూర్చున్నట్టే ఉంది. దీనికోసం సముద్రం దాటి రావాలా?" అన్నారు బాబాయి. నిజమే. అందుకని అక్కడినుంచి నాలుగడుగులు నడిపించి ఒక ప్రాటా దుకాణానికి తీసుకెళ్ళాను. మన పరోటాయే ఇక్కడ ‘రోటీ ప్రాటా’ అయింది. ఇండియా నుంచి వచ్చిన ముస్లిములు తెచ్చిన వంట. పక్క బల్ల దగ్గర ఒక చీనా ముసలాయన ప్రాటాను పంచదారలో అద్దుకుని తింటున్నారు. ఇంకో బల్ల దగ్గర మలయా అమ్మాయి కూరలో ముంచుకుంటోంది. బాబాయి కాసేపు అటే చూసి, "ఇది మైలాపూరులో దొరకదు" అని ఒప్పుకున్నారు.

ఆ దుకాణంలోనే ‘మీ గోరెంగ్’ కూడా చేస్తారు. ‘మీ’ అంటే చీనావాళ్ళ హొక్కియెన్ భాషలో నూడుల్సు. ‘గోరెంగ్’ అంటే మలయాలో వేయించడం. వండేది దక్షిణాది ముస్లిము. అందులో పోసే టొమాటో సాసు ఇంగ్లీషువాళ్ళ చలవ. ఇండియాలో ఏ మూల వెతికినా ఈ వంట లేదు. అయినా ఇక్కడ దీన్ని ఇండియన్ వంట అనే అంటారు! వలస వచ్చినవాడి వంట, వచ్చిన చోట దొరికే సరుకులతో సర్దుకుని కొత్త వంట అవుతుంది. సింగపూరు చరిత్రలో సగం ఈ సర్దుబాటే.

తరువాత టెక్కా మార్కెట్టు. పూర్వం ఈ ప్రాంతమంతా పశువుల పాకలు. నీరు, పచ్చిక సమృద్ధిగా ఉండడంతో మనదేశం వాళ్ళు ఇక్కడ పశువుల వ్యాపారం పెట్టుకున్నారు. బఫెలో రోడ్డు, కెర్బౌ రోడ్డు అన్న పేర్లు అలా నిలిచిపోయినవే. మలయాలో కెర్బౌ అంటే గేదె. మన పిల్లలు ఎందరో పుట్టిన కండాంగ్ కెర్బౌ ఆసుపత్రికి అసలు అర్థం గేదెల దొడ్డి. ఈ మాట చెప్పగానే బాబాయి పగలబడి నవ్వారు. టెక్కా అన్నది హొక్కియెన్ మాట. వెదురు పొదల మొదలు అని అర్థం. 1982లో మార్కెట్టును రోడ్డుకు ఇవతలి పక్కకు మార్చి, ఆ పేరునే మాండరిన్‌లో ‘జూజియావ్’ అని పెట్టారు. జనం మాత్రం టెక్కా అనడం మానలేదు. చివరికి 2000లో ప్రభుత్వమే పాత పేరు తిరిగి ఇచ్చింది.

మార్కెట్టులో ఎండుమిరపకాయల బస్తా చూసి బాబాయికి ప్రాణం లేచివచ్చింది. గుప్పెడు చేతిలోకి తీసుకుని, "ఇదిరా మన వస్తువు" అన్నారు. అయ్యా, అది కూడా మనది కాదు అని నేను అనాల్సి వచ్చింది. మిరప అమెరికా ఖండపు మొక్క. 1510లో గోవానూ, 1511లో మలక్కానూ పట్టుకున్న పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరాలకు చేరింది. అంతకుముందు మనకున్న కారం మిరియాలే. జీడిమామిడి బ్రెజిల్ నుంచి వచ్చింది. మన సామర్లకోట సగ్గుబియ్యానికి ఆధారమైన కర్రపెండలం కూడా ఆ దేశాలదే. అంటే అయిదు వందల ఏళ్ళ క్రితం ఈ ఎర్ర ఆవకాయ లేదు, జీడిపప్పు పాకం లేదు. సోషల్ మాస్టారు కాబట్టి బాబాయి ఒప్పుకున్నారు గానీ మిరపకాయలు మాత్రం తిరిగి బస్తాలో వేయలేదు. అరకిలో తూయించుకున్నారు.

మధ్యాహ్నం రేస్‌కోర్సు రోడ్డులో అరిటాకు వేసి చేప తలకాయ కూర వడ్డించారు. నరసాపురం మనిషికి చేప తలకాయ పులుసు కొత్తా? "ఇందులో బెండకాయ ఎందుకు వేశారు, పులుపు తగ్గింది" అంటూనే ఆకు ఖాళీ చేశారు. ఈ కూర కథ విచిత్రమైనది. 1949లో ఎమ్. జె. గోమెజ్ అనే మలయాళీ సోఫియా రోడ్డులో చిన్న హోటలు నడిపేవాడు. చీనావాళ్ళు చేప తలకాయను ఇష్టంగా తింటారని గమనించి, దాన్ని మన మసాలా పులుసులో ఉడికించి పెట్టాడు. అది ఊరంతటికీ నచ్చి, ఇవాళ సింగపూరు వంటల్లో మొదటి వరసలో నిలిచింది. ఇంటి వంటను ఉన్నదున్నట్టు దాచుకోకుండా, ఎదుటివాడి నాలుకనూ లెక్కలోకి తీసుకోవడం వల్ల అది నిలిచింది.

హైనాన్ చికెన్ రైసుదీ ఇలాంటి కథే. హైనాన్ దీవి వాళ్ళు తక్కిన చీనావాళ్ళకంటే ఆలస్యంగా వచ్చారు. అప్పటికే మంచి వ్యాపారాలన్నీ ఇతరుల చేతుల్లో ఉన్నాయి. అందుకని దొరల ఇళ్ళలో, ఓడల్లో, హోటళ్ళలో వంటవాళ్ళుగా చేరారు. తరువాత సొంతంగా కాఫీ దుకాణాలు పెట్టుకున్నారు. ఈ ఊరి కాఫీ దుకాణపు పద్ధతి చాలావరకు వాళ్ళ చలవే.

భోజనం అరగాలని సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్ వైపు నడిచాం. తిండి గురించి రాస్తూ చర్చి ఎందుకంటారేమో. దాని గోడల్లోనే తిండి ఉంది మరి! 1862లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని కట్టినవాళ్ళు ఇండియా నుంచి తెచ్చిన ఖైదీలు. 1825 నుంచి 1873 దాకా సింగపూరు ఖైదీల బస్తీగా కూడా ఉండేది. లోపలి గోడలకు పూసింది మదరాసు సున్నం. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళు పోసి చేసిన గచ్చు అది. "మన పాత మేడలకూ ఇలాగే బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసేవారు" అని బాబాయి గోడను చేత్తో తడిమి చూశారు. ఆనాటి మదరాసు రాజధానిలో మన జిల్లాలూ ఉన్నాయన్నది మరువరాదు.

అక్కడినుంచి నది దాటి చూలియా స్ట్రీటుకు వెళ్ళాం. 1920ల దాకా దాని పేరు క్లింగ్ స్ట్రీటు. క్లింగ్ అన్న మాట మన కళింగం నుంచి వచ్చిందే. ఒకప్పుడు సముద్రం మీద వచ్చే వర్తకులకు గౌరవంగా వాడిన ఆ పేరు, కూలీల కాలం వచ్చేసరికి తిట్టుగా మారింది. ఇవాళ ఎవరినైనా అలా పిలిస్తే తప్పు. శ్రీకాకుళం, కళింగపట్నం దాకా వ్యాపించిన ఒక దేశం పేరు పరాయి నోళ్ళలో ఇంత దూరం ప్రయాణం చేసి ఇలా ముగిసింది.

రాత్రి భోజనానికి మా బ్లాకు పక్కనే ఉన్న హాకర్ సెంటరుకు వెళ్ళాం. 1960ల చివర ప్రభుత్వం వీధుల్లో తిండి అమ్మేవాళ్ళ పేర్లు నమోదు చేస్తే సుమారు 18,000 మంది తేలారు. మురుగుకాలువల పక్కన, రోడ్ల మీద బండ్లు పెట్టుకుని బతికేవారు వాళ్ళు. 1971 నుంచి 1986 దాకా వాళ్ళందరికీ నీళ్ళు, కరెంటు, కప్పు ఉన్న కేంద్రాలు కట్టి అందులోకి మార్చారు. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. కానీ ఇవాళ వండేవాళ్ళలో చాలామంది వయసు మీరినవాళ్ళే. వాళ్ళ పిల్లలు చదువుకుని ఆఫీసుల్లో ఉన్నారు. ఆ చేతివాటం ఎవరికి అప్పగించాలో వాళ్ళకు తెలియడం లేదు.

మా అమ్మాయి తెచ్చుకున్నది నాసి లెమాక్, అంటే కొబ్బరిపాలలో వండిన అన్నం, పక్కన వేయించిన చిరుచేపలు, వేరుశనగ గుళ్ళు, సంబల్ కారం. ఇంట్లో పప్పన్నం పెడితే ముఖం ముడుచుకునే పిల్ల దీన్ని మెతుకు మిగల్చకుండా తింటుంది. మా ఆవిడకు ఇదొక తీరని బాధ. బాబాయి చుట్టూ ఉన్న బోర్డులన్నీ ఒకటొకటిగా చదివి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి అన్నారు: "చీనావాళ్ళది ఉంది, మలయావాళ్ళది ఉంది, తమిళులది ఉంది. మధ్యాహ్నం మలయాళీ కూర తిన్నాం. ఇన్నింటిలో మనది ఏదిరా?"

సెరంగూన్ వీధుల్లో ఆంధ్రా భోజనం పెట్టే హోటళ్ళు వచ్చాయి కదా అన్నాను. "అవి నిన్నమొన్నటివి. నేను అడిగేది పాతది" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఊరికి వెళ్ళిపోయాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రెండు మూడు నెలలు లైబ్రరీలో కూర్చుని వెతికితే దొరికిన జవాబు ఇది.

మన పేరు బోర్డు మీద లేదు. పళ్ళెంలో ఉంది.

మొదట అన్నం సంగతి చూడండి. మలయా, సింగపూరు ఏనాడూ తమకు సరిపడా వరి పండించుకోలేదు. యుద్ధానికి ముందు తినే బియ్యంలో సగానికి పైగా బయటినుంచే, ముఖ్యంగా బర్మా, సయాముల నుంచి వచ్చేది. ఆ బర్మా బియ్యాన్ని రంగూను మిల్లుల్లో ఆడించినవాళ్ళలో, రేవులో ఓడలకు ఎక్కించినవాళ్ళలో అధికభాగం తెలుగువాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు మీదుగా వెళ్ళారు కాబట్టి వాళ్ళను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేసినప్పుడు రంగూనులో జరిగిన అల్లర్లలో వాళ్ళలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. సింగపూరు వంటింట్లో ఉడికిన బియ్యంలో ఎన్నో బస్తాలు ఏ విశాఖ జిల్లా మనిషో, ఏ గోదావరి జిల్లా మనిషో భుజాన మోసినవే.

రెండవది కొబ్బరి. పేరాక్ నది సముద్రంలో కలిసేచోట బగాన్ దాతోహ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి కొబ్బరితోటల్లో పనిచేసిన కూలీల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. తోటల్లో తెలుగు బడులు నడిపించుకున్నారు. 1955లోనే మలయాలో తెలుగు సంఘం పెట్టుకున్నారు. మన సింగపూరు తెలుగు సమాజం వచ్చింది 1975లో. చదువుకుని విమానమెక్కి వచ్చిన మనకంటే ముందు, పార పట్టుకుని ఓడలో వచ్చినవాళ్ళు ఉన్నారని మనలో ఎంతమందికి గుర్తుంది?

ఆ బియ్యం విలువ ఈ ఊరికి 1942లో తెలిసివచ్చింది. ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. బర్మా దారి మూసుకుపోయింది. బియ్యం రేషనులో కొంచెం కొంచెంగా, తరువాత ఇంకా కొంచెంగా వచ్చేది. 1945 సెప్టెంబరు దాకా జనం కర్రపెండలం, చిలగడదుంప తిని ప్రాణం నిలుపుకున్నారు. 1942లోనే రంగూను నుంచి మనవాళ్ళు అడవులు, కొండలు దాటి కాలినడకన ఇంటిదారి పట్టారు. అన్నం మోసినవాళ్ళు, తిన్నవాళ్ళు ఒకేసారి ఆకలికి గురయ్యారు.

ఇదంతా ఫోనులో చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "మా తాతగారి అన్నగారు రంగూను వెళ్ళి తిరిగి రాలేదురా. ఏం పని చేసేవాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు." ఇన్నేళ్ళలో ఆ మాట నేను మొదటిసారి విన్నాను. సోషల్ చెప్పిన మనిషి సొంత ఇంటి చరిత్రలోనే ఇంత ఖాళీ ఉంటే, తక్కినవారి మాట చెప్పాలా?

ఇక పిల్లలు పప్పన్నం తినడం లేదని మనం పడే బాధ గురించి ఒక మాట. మిరపకాయ మనది కాదు, అయినా మనదయింది. చేప తలకాయ కూర ఒక మనిషి ఆలోచనతో ఊరంతటిదీ అయింది. తిండి మారుతుంది, మారనివ్వాలి. అయితే దాని వెనుక ఎవరి చేతులున్నాయో పిల్లలకు చెప్పకపోతే, ఆ చేతులు లేనట్టే అవుతుంది. ఆ తప్పు పిల్లలది కాదు. మొన్న మా అమ్మాయి నాసి లెమాక్ తింటుంటే పక్కన కూర్చుని ఈ కథంతా చెప్పాను. విని, "అయితే ఇందులో చిన్నతాతయ్య వాళ్ళ తాతగారి అన్నయ్య మోసిన బియ్యం ఉందా?" అని అడిగింది. ఉండవచ్చునమ్మా అన్నాను.

సభ్యులకు నా విన్నపం ఒక్కటే. ఈ సెలవులకు మీ ఇంటికి పెద్దవాళ్ళు వస్తారు. చాంగీ విమానాశ్రయంలో ఫొటోలు తీయించుకున్నాక, వాళ్ళను ఒక హాకర్ సెంటరులో కూర్చోబెట్టి, మన వంశంలో రంగూనుకో, మలయాకో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఏం పనికి వెళ్ళారు, అక్కడ ఏం తిన్నారు అని అడగండి. వాళ్ళు చెప్పింది నాలుగు వాక్యాలైనా సరే, రాసి మన పత్రికకు పంపండి. ఆ చెప్పగలిగినవాళ్ళు ఏటికేడాదీ తగ్గిపోతున్నారు.