పాత పిస్తోళ్ళ సేకరణ

పాత పిస్తోళ్ళ సేకరణ అనగా 19వ శతాబ్దపు చివరి దశకం నుండి 20వ శతాబ్దపు మధ్యకాలం వరకు తయారైన సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్ళను వాటి చారిత్రక, సాంకేతిక విలువను బట్టి సేకరించి భద్రపరచే అభిరుచి. ఈ పిస్తోళ్ళ పిడి, గురిచూపు, ట్రిగ్గరు వంటి భాగాలను వాడేవారి అవసరానికి తగినట్లు మార్పించుకొనడం దీనికి అనుబంధమైన మరొక అభిరుచి. అమెరికాలో ఈ రెండూ విస్తారంగా ఉన్నవి. భారతదేశంలో ఆయుధ చట్టం కారణంగా సేకరణ మిక్కిలి పరిమితమైనది. అనుమతి లేకుండా చేసే మార్పులు నేరమవుతాయి.

పనిచేసే విధానం

రివాల్వరులో తూటాలు తిరిగే చక్రంలో ఉంటాయి. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో అవి సాధారణంగా పిడి లోపల అమర్చే మేగజైనులో ఒకదానిపై ఒకటి పేర్చబడి ఉంటాయి. ట్రిగ్గరు నొక్కినపుడు తూటా పేలి, గుండు ముందుకు పోతుంది. అదే శక్తి పిస్తోలు పైభాగాన్ని వెనుకకు నెట్టుతుంది. అప్పుడు ఖాళీ తొడుగు బయటకు పడుతుంది. స్ప్రింగు బలంతో పైభాగం తిరిగి ముందుకు వచ్చేటపుడు మరొక తూటా గొట్టంలోకి చేరుతుంది. ఒకసారి నొక్కితే ఒక గుండు మాత్రమే వెలువడుతుంది. అందుచేతనే దీనిని సెమీ ఆటోమేటిక్ అంటారు.

ప్రసిద్ధ నమూనాలు

* బోర్ఖార్ట్ సి-93 (1893): వ్యాపారపరంగా విజయవంతమైన తొలి సెమీ ఆటోమేటిక్ పిస్తోలుగా దీనిని పేర్కొంటారు.
* మౌజర్ సి96 (1896): దీని మేగజైను పిడిలో కాక ట్రిగ్గరుకు ముందు ఉంటుంది. చీపురుకట్ట పిడి వంటి పిడి దీని గుర్తు.
* లూగర్: స్విట్జర్లాండు సైన్యం 1900లోను, జర్మనీ నౌకాదళం 1904లోను, జర్మనీ సైన్యం 1908లోను స్వీకరించాయి.
* కోల్ట్ ఎం1911: జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. 1911 మార్చి 29న అమెరికా సైన్యం స్వీకరించినది. 1985లో బెరెట్టా పిస్తోలును ఎంపిక చేసే వరకు ఇదే ఆ సైన్యపు ప్రామాణిక పిస్తోలు.
* బ్రౌనింగ్ హై-పవర్ (1935): 1926లో బ్రౌనింగ్ మరణించిన పిదప బెల్జియంకు చెందిన ద్యుదొన్నే సైవ్ పూర్తిచేసినది. దీని ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఇచాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో భారత సైన్యం కొరకు 9 మి.మీ. పిస్తోలు తయారైనది.

సేకరణ, మార్పులు

సేకరణకర్తలు మొదట చూసేది పిస్తోలు అసలు రూపంలో ఉన్నదా అన్న విషయం. లూగర్ పిస్తోలులో చిన్న భాగాలపై కూడ క్రమసంఖ్య చివరి అంకెలు చెక్కబడి ఉంటాయి. ఈ సంఖ్యలన్నీ సరిపోలితే విలువ ఎక్కువ. తుప్పు తీయుటకు రుద్దినా, కొత్త పూత వేసినా పిస్తోలు మెరుస్తుంది గాని, దానిపై ఉన్న ముద్రలు అరిగి విలువ పడిపోతుంది.

మార్పులు చేయించేవారి దృష్టి వేరు. పోటీలలో కచ్చితంగా గురి చూచుటకు ఎం1911 పిస్తోలుకు పెద్ద గురిచూపు, తేలికైన ట్రిగ్గరు, చేతికి సరిపడే పిడి అమర్చడం అమెరికాలో ఒక ప్రత్యేక వృత్తిగా ఎదిగినది. 1976లో అమెరికాలోని కొలంబియా నగరంలో అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య ఏర్పడిన తరువాత ఇది ఇంకను విస్తరించినది. అరుదైన పాత పిస్తోలును ఈ విధంగా మార్చితే దాని చరిత్ర నశిస్తుందని సేకరణకర్తలు అభ్యంతరం చెబుతారు.

భారతదేశ చరిత్రలో

1914 ఆగష్టు 26న కలకత్తాలోని రోడ్డా కంపెనీకి చెందిన 50 మౌజర్ పిస్తోళ్ళను, సుమారు 46,000 తూటాలను విప్లవకారులు అపహరించారు. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదులో చంద్రశేఖర్ ఆజాద్ చివరిగా వాడిన కోల్ట్ పిస్తోలు అలహాబాదు మ్యూజియంలో కలదు.

1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్‌పై భగత్ సింగ్ ప్రయోగించిన .32 కోల్ట్ పిస్తోలు దశాబ్దాల పాటు ఇండోరులోని సరిహద్దు భద్రతా దళ శిక్షణ సంస్థలో ఇతర ఆయుధాల మధ్య గుర్తింపు లేకుండా ఉండిపోయినది. పైనున్న నల్లరంగు తొలగించి, క్రమసంఖ్యను నాటి కేసు రికార్డులతో పోల్చిన తరువాతే అది భగత్ సింగ్ పిస్తోలని తేలినది. తరువాత దానిని పంజాబులోని హుస్సేనీవాలాకు తరలించారు. ఆ సంఖ్య అరిగిపోయి ఉంటే ఆ చారిత్రక వస్తువును గుర్తించడం సాధ్యమయ్యేది కాదు.

చట్టం

1878 నాటి ఆయుధ చట్టం స్థానంలో 1959 ఆయుధ చట్టం వచ్చినది. ఇది 1962 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నది. ముఖ్యాంశాలు:

* సైన్యం వాడే 9 మి.మీ., .45, .380, .455 తూటాలను పేల్చగల పిస్తోళ్ళు, రివాల్వర్లు నిషిద్ధ కోవకు చెందుతాయి. కనుక పనిచేసే స్థితిలో ఉన్న 9 మి.మీ. లూగర్, .45 కోల్ట్ సామాన్య పౌరులకు లభ్యం కావు. .32, .22 పిస్తోళ్ళకు లైసెన్సు పొందవచ్చును.
* 1983 సవరణ ఒక వ్యక్తికి మూడు తుపాకుల పరిమితి విధించినది. 2019 సవరణ దానిని రెండుకు తగ్గించినది. వారసత్వంగా వచ్చిన తుపాకులకు కూడ ఇదే పరిమితి. క్రీడాకారులకు వేరే మినహాయింపులు కలవు.
* తుపాకీ తయారీకి, మరమ్మతుకు, ఒక రకం నుండి మరొక రకానికి మార్చుటకు లైసెన్సు తప్పనిసరి. గుర్తింపు సంఖ్యను చెరిపివేయడం నేరం.
* మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన ఆయుధాలకు 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది.

2019 సవరణ వలన తాత, తండ్రుల నుండి సంక్రమించిన తుపాకులున్న కుటుంబాలు రెండింటిని ఉంచుకొని మిగిలినవాటిని ఏడాదిలోగా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగించవలసి వచ్చినది.

ఆంధ్ర, తెలంగాణలలో

జిల్లాలలో లైసెన్సు అధికారం జిల్లా మేజిస్ట్రేటుగా కలెక్టరుకు ఉంటుంది. హైదరాబాదు వంటి నగరాలలో పోలీసు కమిషనరుకు ఉంటుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు పూర్వం కాకినాడ కేంద్రంగా గల తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడినందున నగరం మొదలైన గ్రామాలవారికి ఈ అధికారి అమలాపురంలోనే ఉన్నారు.

పురాతన ఆయుధాలను చూడగోరువారికి హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియం అనుకూలమైనది. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరణలతో 1951 డిసెంబరు 16న ఇది ప్రారంభమైనది. ఇందులో కత్తులు, డాళ్ళు, కవచాలతో పాటు పాతకాలపు తుపాకులు కలవు.

క్రీడారంగంలో హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టు విభాగంలో స్వర్ణం, వ్యక్తిగత విభాగంలో రజతం సాధించినది. ఈ పోటీలో వాడేది .22 పిస్తోలు. చేతికి తగినట్లు పిడిని మలచుకొనవచ్చును గాని, పిస్తోలు బరువు 1,400 గ్రాములు మించరాదు. ట్రిగ్గరుపై ఒత్తిడి 1,000 గ్రాములకు తగ్గరాదు.

పాత పిస్తోలు బయటపడినపుడు

లైసెన్సుదారు మరణించిన తరువాత ఇంటిలో పిస్తోలు కనబడినచో దానిని తెలియనివారు విప్పడం, తుడవడం, ట్రిగ్గరు నొక్కి చూడడం ప్రమాదకరం. లోపల తూటా ఉండవచ్చును. దానిని కదలించక పోలీసు స్టేషనుకు తెలియజేయడం క్షేమం. చట్టం 21వ సెక్షను ప్రకారం దానిని అక్కడ అప్పగించి, రసీదు, పాత లైసెన్సు పుస్తకం భద్రపరచుకొనవలెను. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం చట్టబద్ధ వారసులు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకొనవచ్చును. లైసెన్సుదారు జీవించి ఉండగానే, తనకు 70 ఏళ్ళు నిండినపుడు గాని, ఆయుధం 25 ఏళ్ళు తన వద్ద ఉన్నపుడు గాని వారసునికి బదిలీ కోరవచ్చును.