కేంద్రకపు వాకిలి దాటిన వైరసు

మా రామగిరి ప్రాంతపు విద్యార్థులకు గని వాకిలి క్రొత్త కాదు. భూగర్భ గనిలో పనిచేయు కార్మికుడు మొదట మస్టరు వేయించుకొని, తలదీపము తీసుకొని, పిమ్మటనే లోనికి దిగవలెను. జీవకణములోని కేంద్రకమునకు కూడ ఇట్టి వాకిళ్లు కలవు. వాటిని దాటుటకు తగిన గుర్తు ఉండవలెను. మరి పిలువని అతిథియైన వైరసు తన జన్యుపదార్థమును ఆ వాకిలి ఎట్లు దాటించుచున్నది? దీనికి సమాధానము దొరకుటకు సుమారు అర్ధ శతాబ్ది పట్టినది.

1952లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ హెర్షీ, మార్తా చేజ్ అను శాస్త్రజ్ఞులు బాక్టీరియాపై దాడిచేయు వైరసులను పరిశోధించిరి. వైరసు ప్రోటీనును రేడియోధార్మిక గంధకముతోను, డి.ఎన్.ఏ.ను రేడియోధార్మిక భాస్వరముతోను గుర్తించి చూడగా, ప్రోటీను తొడుగు చాలవరకు వెలుపలనే నిలిచిపోయి, డి.ఎన్.ఏ. లోనికి పోయినట్లు తేలినది. అయితే బాక్టీరియాలో కేంద్రకము లేదు. మానవ కణములో డి.ఎన్.ఏ. చుట్టును రెండు పొరల గోడ యున్నది. కాబట్టి అప్పటికి కథ సగమే తెలిసినది.

ఆ గోడలో రంధ్రములున్నట్లు అంతకు రెండేండ్ల ముందే, 1950లో, కాలన్, టామ్లిన్ అనువారు ఉభయచరముల అండకణములను ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచి కనుగొనిరి. చిన్న అణువులు ఈ రంధ్రముల గుండా సులభముగా పోవును. పెద్ద ప్రోటీనులు పోవుటకు గుర్తు కావలెను. ఆ గుర్తు ఎట్టిదో 1984లో వెల్లడియైనది. విచిత్రమేమనగా, అది మొదట బయటపడినది ఎస్.వి.40 అను కోతి వైరసు ప్రోటీనులోనే! అది ఏడు అమైనో ఆమ్లముల చిన్న వరుస. దానిని వేరొక ప్రోటీనుకు తగిలించగా, ఆ ప్రోటీను కూడ కేంద్రకములో చేరెను. మన సొంత ప్రోటీనులలో పెక్కింటికి ఇట్టి గుర్తులే కలవు. వైరసు దొంగ మస్టరుతో లోనికి పోవుచున్నదన్నమాట.

కాని గుర్తు ఒక్కటే చాలదు. సుమారు 39 నానోమీటర్ల వ్యాసము వరకు గల కణికలు ఈ ద్వారము దాటగలవని 2002లో ప్రయోగములు చూపెను. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. జలుబు కలిగించు అడినోవైరసు వ్యాసము సుమారు 90 నానోమీటర్లు. అది దూరుట ఎట్లు? కణములో ప్రవేశించునప్పుడే అది తన తొడుగులో కొన్ని భాగములను విడిచివేయును. పిమ్మట, హాలేజి తాడు బొగ్గు టబ్బులను లాగినట్లు, డైనీన్ అను ప్రోటీను దానిని సన్నని నాళికల వెంట కేంద్రకము దాపునకు లాగుకొనిపోవును. వాకిలి యొద్ద తొడుగు పగులును. డి.ఎన్.ఏ. మాత్రము, తన్నంటియున్న ప్రోటీనుల గుర్తుతో, లోనికి పోవును.

ఈ జ్ఞానమే టీకాలకు దారి చూపినది. అడినోవైరసుపై ఆధారపడిన స్పుత్నిక్ టీకా మన దేశములో మొదటిసారి 2021 మే 14న హైదరాబాదులో వేయబడినది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ చింపాంజీ అడినోవైరసుతో ముక్కులో వేయు టీకాను తయారుచేసెను. దానికి 2022 సెప్టెంబరులో అనుమతి లభించగా, 2023 జనవరి 26న విడుదలయ్యెను. ఇట్టి టీకాలలో వైరసు వృద్ధిచెందుటకు కావలసిన జన్యుభాగమును తొలగించి, కరోనా ముల్లు ప్రోటీను జన్యువును చేర్చుదురు.

"ఆ జన్యువు కేంద్రకములో చేరినది గదా, మన జన్యువులు మారిపోవా?" అని విద్యార్థులు అడుగుదురు. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. వాకిలి దాటుట వేరు, మన డి.ఎన్.ఏ.తో అతుకుకొనుట వేరు. హెచ్.ఐ.వి.కి అట్లు అతుకు ఎంజైము కలదు, అడినోవైరసుకు లేదు. దాని డి.ఎన్.ఏ. సాధారణముగా విడిగానే యుండి, ఆ కణముతో పాటు నశించును. గనిలో దిగిన ప్రతివాడును గనిలోనే కాపురముండడు గదా! ఉపాధ్యాయుడు ఈ ఒక్క భేదమును తరగతిలో స్పష్టపరచినచో, ఎన్నో ఇండ్లలోని భయము తొలగును.